ఎల్సీ ఇచ్చేశారు

చెంచురామయ్య మా గొయ్యి గేటు దగ్గరికి వచ్చిన పూట నేను ఎర్తు గుంతలో ఉప్పునీళ్ళు పోస్తున్నాను. ఎండాకాలం రోజూ పొయ్యాలి. ఎర్తు ఎండిపోతే కింద మిషన్లు అబద్ధాలు చెప్తాయి. మనుషులకు అలాంటి గుంత ఏదీ తవ్వలేదు కాబట్టి వాళ్ళు అన్ని కాలాల్లోనూ చెప్తారు.

ఇరవై నాలుగేళ్ళయింది ఆ మనిషిని చూసి. నడకను బట్టి పోల్చుకున్నాను. ఎడమ చంకలో గోతం సంచి. నన్ను చూసి ఆగాడు. గుర్తుపట్టలేదు, లేదా పట్టనట్టు నటించాడు. వాడి విషయంలో నేను ఎప్పుడూ రెండోదే నమ్ముతాను.

"అబ్బయా, మేడమ్మగారు ఉండారా?" చెవిటివాళ్ళు మాట్లాడేంత గట్టిగా అడిగాడు.

"ఏం పని?"

"ఆఁ?"

"ఏం పని అంటుండా!"

"ఫోను తెచ్చినా. సబ్‌స్టేషను ఫోను." సంచి మూతి తెరిచి చూపించాడు. నల్లటి పాత డయల్ ఫోను. ఆరో అంకె దగ్గర పగులు. ఆ పగులు నాకు తెలుసు. మా అన్న పోయిన మర్నాడు సబ్‌స్టేషన్ కిటికీలోంచి నేను విసిరిన రాయి దాని మీదే పడింది.

"పాత సామానంతా తూకానికి ఏసేటప్పుడు ఇది నేను కొనుక్కున్నా. దీంట్లో కాకిబంగారం ఉండాదంట గదా. మీ మిషను దాన్ని మాట్లాడిస్తదంట గదా. ఆ రోజు నాకు ఆ మాట ఎవురు చెప్పినారో బయటికి రావాల."

"నీకు వినపడదు గదా. ఎవరికి వినిపించమంటావు?"

ఇది మాత్రం వినపడినట్టుంది. "నాకు కాదబ్బా. ఊరికి," అన్నాడు.

గొయ్యి అంటే పాత అభ్రకం గని. మా వైపు అభ్రకాన్ని కాకిబంగారం అంటారు. గని మూతపడి ముప్పై ఏళ్ళు దాటింది. ఆరేళ్ళ కిందట సువర్చల మేడం ఎక్కడో విశాఖపట్నం నుంచి వచ్చి దాని అడుగున ప్రయోగశాల పెట్టింది. తొంభై మీటర్ల రాయి కింద బయటి గోల ఉండదట. కరెంటు పనికి నన్ను తీసుకున్నారు. నేను ఏడో తరగతితో బడి మానేసి, మోటార్లకు వైండింగు చుట్టుకుని బతికినవాణ్ణి. చదువుకున్నవాళ్ళ మధ్య పనంటే నాకు ముందే అనుమానం. మంచినీళ్ళు కావాలా అని అడిగినా, ఎందుకు అడిగారా అని చూసేవాణ్ణి.

రెండో నెలలో తెలిసింది, వాళ్ళకు కావాల్సింది నా టెస్టరు కాదని. పెద్ద పెద్ద డిగ్రీలవాళ్ళు కాకిబంగారం రేకును బ్లేడుతో చీల్చబోయి పొడిపొడి చేసుకుంటున్నారు. నేను ఇంటికి పోయి మా అమ్మ కత్తి తెచ్చాను. గని నడిచిన రోజుల్లో మా అమ్మ షెడ్డులో కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రేకులు చీల్చేది. బడి మానేశాక నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. అంచు మీద కత్తి మొన ఆనించాలి, నొక్కకూడదు. పొర తనంతట తను విడిపోతుంది. ఊపిరి బిగబట్టాలి. ఊపిరిలో తడి ఉంటుంది, అది తగిలితే రేకు మసకబారుతుంది. వెంట్రుక కంటే పలచగా నేను ఒక పొర తీసి చూపిస్తే మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

ఆవిడ కనిపెట్టింది ఇది. కాకిబంగారం పక్కన ఎక్కడ కరెంటు కదిలినా, ఆ తోపుడుకు రేకులో కొన్ని ఎలక్ట్రాన్లు చోటు తప్పి ఇరుక్కుపోతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి పొరల్లోకి దిగుతాయి. కొత్తది పైన, పాతది అడుగున. మిషన్ ఏం చేస్తుందంటే, చీల్చిన పొర మీదుగా ఒక్కొక్క ఎలక్ట్రాన్‌నూ విసురుతుంది. ఇరుక్కున్నవి దాన్ని పక్కకు తోస్తాయి. ఎటు ఎంత తోశాయో కూడితే, అప్పట్లో ఆ తీగలో నడిచిన కరెంటు తిరిగి వస్తుంది. అది ఫోను తీగ అయితే, గొంతు.

"అంటే మీ ఎలక్ట్రాన్ పోయి దానికి గుద్దుకుంటుందా మేడం?" అని అడిగాను ఒకసారి.

"గుద్దుకోదు. అసలు ఏదీ దేన్నీ అంటుకోదు పోలయ్యగారూ. దగ్గరికి రాగానే రెండింటి మధ్యా ఒక కాంతి రేణువు కబురు మోస్తుంది. కబురు అందగానే రెండూ దారి మార్చుకుంటాయి. మీరు ఇప్పుడు బల్ల మీద చెయ్యి పెట్టారు చూడండి, అదీ తోపుడే. అంటు అనేది సృష్టిలోనే లేదు."

"ఈ ముక్క మా బళ్ళో అయ్యవారికి చెప్పాల్సింది. నా గ్లాసుకు వేరే మేకు కొట్టించాడు."

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆ రోజే పని మానేసేవాణ్ణి.

"మరి ఆ కబురు మోసింది ఏమవుతుంది?"

"ఏమీ కాదు. కబురు ఇచ్చేశాక అది ఇక మిగలదు."

మొదట చదివింది ఆవిడ ఇంటి పాత ఫోనే. ఏం విన్నదో ఎవరికీ చెప్పలేదు. ఆ నెల నుంచి గొయ్యి పక్కన గెస్టుహౌసులోనే ఉంటోంది. సెలవులకు కూడా ఎటూ పోదు. తర్వాత ఊళ్ళో గాలికబురు లేచింది, గొయ్యిలోవాళ్ళు మన మాటలన్నీ వింటారంట అని. ఇస్త్రీపెట్టెలో కాకిబంగారం ఉంటుందని ఎవరో చెప్పారు. ఇక చూసుకోండి. వారం తిరక్కుండా ఊళ్ళో ఇస్త్రీపెట్టెలన్నీ దిబ్బల్లో తేలాయి. ఇస్త్రీపెట్టెకు మాట వినపడదని, ఫోను తీగలో నడిచిన మాటే దొరుకుతుందని నేను మొత్తుకున్నాను. "నువ్వు వాళ్ళ మనిషివి, అట్టనే చెప్తావులే" అన్నారు. నలిగిన చొక్కాలతో తిరిగినవాళ్ళలో ఎవరు ఏం దాస్తున్నారా అని నేనూ లెక్కపెట్టుకున్నాను. నా ఇస్త్రీపెట్టె మాత్రం పారెయ్యలేదు. నాకు దాచుకునేది ఏముంది అనుకున్నాను.

మేడం చెంచురామయ్యను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించింది. నేను ఎవరో కాగితం మీద రాసి చూపించింది. ముసలాడు లేచి నిలబడ్డాడు. "మస్తానయ్య తమ్ముడివా! పోలయ్యవా! ఈడనే ఉండావా?" అన్నాడు. తిడతాడనుకున్నాను. "మంచిది. నువ్వే విను ముందు. విని నువ్వే చెప్పు అందరికీ. నువ్వు చెప్తే నమ్ముతారు."

ఇందులో ఏ మెలిక ఉందో నాకు అంతుపట్టలేదు.

కరెంటు పని తెలియనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ లైను ఆపించుకుంటాడు. దాన్ని లైన్ క్లియర్ అంటారు, మా నోటికి ఎల్సీ. ఆపరేటరు లైను ఆపి, పుస్తకంలో రాసుకుని, ఒక నంబరు చెప్పి ఎల్సీ ఇస్తాడు. పనయ్యాక లైన్‌మన్ మళ్ళీ ఫోన్ చేసి, అదే నంబరు చెప్పి, ఎల్సీ తిరిగి ఇచ్చేస్తాడు. అప్పుడే కరెంటు వదలాలి. ఎవరు తీసుకున్నారో వాళ్ళ నోటితోనే తిరిగి ఇవ్వాలి. రూలు అది.

మా అన్న మస్తానయ్య లైన్‌మన్. మా వైండింగు అంగడి ఊరి చివర ఉండేది, అందులో ఫోను ఉండేది. ఆ రోజు పన్నెండూ నలభైకి అన్న మా అంగట్లోంచే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాడు. గోడ మీద పెన్సిలుతో 'ఎల్సీ 17' అని రాసుకున్నాడు. "ఎల్సీ ఇచ్చార్రా, పోతుండా. మీ వదిన క్యారియరు తెస్తే తినెయ్‌బాకు," అని నవ్వుతూ సైకిలెక్కాడు. నిమ్మతోటల పక్కన స్తంభం. అంగడికి అర కిలోమీటరు. రెండూ పదికి లైనులో కరెంటు వచ్చింది.

అప్పుడు డ్యూటీలో ఉన్నది చెంచురామయ్య. విచారణలో వాడు చెప్పింది ఇది: "షిఫ్టు మారి రెండింటికి ఎక్కినా. పుస్తకంలో ఎల్సీ ఇచ్చినట్టుంది, తిరిగొచ్చినట్టు లేదు. ముందు షిఫ్టాయన రాయడం మరిచినాడేమో అని, పుస్తకంలో ఉన్న అంగడి ఫోను నంబరుకు చేసి అడిగినా. మస్తానయ్యే ఎత్తినాడు. ఆయన గొంతే. ఎల్సీ ఇచ్చేశారన్నాడు." అంతా ఉమ్మేశారు. ఆ టయానికి మస్తానయ్య స్తంభం మీద ఉన్నాడు. చచ్చినవాడి మీదికి తోస్తున్నాడన్నారు. ఉద్యోగం పీకేశారు. తాగి స్విచ్చేశాడని ఊరంతా తిరిగి చెప్పింది నేనే. తాగడం నేను చూడలేదు. కానీ తాగకపోతే ఎట్లా వేస్తాడు? వాణ్ణి ఊళ్ళో నీళ్ళు ముట్టనివ్వకుండా చేసి, ఊరు వదిలిపోయేలా చేశాను. వాడి పెళ్ళాం పోతే పాడె మోయడానికి నలుగురు దొరకలేదని విని, ఆ పూట కడుపునిండా తిన్నాను.

విచారణలో నన్నూ అడిగారు, ఆ ఫోను మీ అన్న ఎత్తాడా అని. ఎత్తలేదన్నాను. అది నిజం.

ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి అంకమ్మ వదిన నా అరుగు మీద కూర్చుని చింతపండు ఒలుస్తోంది. పక్క పక్క ఇళ్ళు మావి. ఇన్నేళ్ళూ నాకు వండి పెడుతున్నది ఆవిడే.

"చెంచురామయ్య వచ్చినాడంట గదా, ఫోను మోసుకోని?"

"వస్తే?"

"తప్పు చేసినోడు ఫోను దాచిపెట్టుకుంటాడా పోలయ్యా? పగలగొట్టి బావిలో ఏస్తాడు గానీ."

"నాటకం వదినా."

"ఇరవై నాలుగేండ్లు ఒకే నాటకం ఆడే ఓపిక ఎవురికుంటది? సినిమావోళ్ళకే లేదు." కంచంలో అన్నం పెట్టి, చేపల పులుసు పోసింది. నేను రెండు ముద్దలు తిన్నాక, పిక్కలు ఏరుకుంటూనే అన్నది: "ఆ రోజు నేను క్యారియరు తీసుకోని అంగటికి వచ్చేతలికి నువ్వు ఫోను పెట్టేస్తా ఉండావు."

చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగింది.

"ఎవురిదబ్బా అంటే, మోటారు కోసం ఎవురో అన్నావు."

"మోటారు కోసమే."

"నేను కాదన్నానా? కంచం కాడ కోపమెందుకు, తిను."

తినలేకపోయాను. ఈ మాట ఎన్నాళ్ళుగా దాచుకుంది? రోజూ నా కంచంలో అన్నం పెడుతూ ఇదే అనుకుంటోందా? ఎవరు నేర్పారు? చెంచురామయ్య ముందు ఇక్కడికి వచ్చి వెళ్ళాడా? ఆవిడ చింతపండు ఒలిచే తీరు కూడా నాకు అనుమానంగానే కనిపించింది. ఒక్క పీచు మిగలనివ్వడం లేదు.

విచారణలో నన్ను రెండో ప్రశ్న కూడా అడిగారు. రెండు గంటల ప్రాంతంలో మీ అంగటికి ఏదైనా ఫోన్ వచ్చిందా అని. రాలేదన్నాను.

వచ్చింది. ఎవరో గబగబా అడిగారు, నేను గబగబా చెప్పాను. మోటారు కోసం కాదు. ఏం అడిగారు, ఏం చెప్పాను అనేది ఇన్నేళ్ళూ గుర్తు తెచ్చుకోలేదు. గుర్తు రాక కాదు. రానివ్వకుండా కాపలా కాశాను. ఊరందరినీ అనుమానించడానికి నాకు అంత తీరిక ఎట్లా దొరికిందో ఇప్పుడు అర్థమవుతోంది. ఒక్కణ్ణి వదిలిపెట్టాను కదా, ఆ తీరిక.

మర్నాడు ఫోను విప్పాను. లోపల కెపాసిటరు, అగ్గిపెట్టెంత. కాకిబంగారం రేకులుండేది అందులోనే. వాడు దాన్ని మార్చి తెచ్చాడని నా ఆశ. భూతద్దం పెట్టి చూశాను. అతుకు మీద ఫ్యాక్టరీ రంగు చెక్కు చెదరలేదు, దాని మీద సన్నటి దుమ్ము గట్టిపడి ఉంది. మళ్ళీ సోల్డరింగు చేస్తే నా కళ్ళు పట్టేస్తాయి. ఎవరూ విప్పలేదు.

"బాగుందా?" అన్నది మేడం.

"బాగుంది," అన్నాను. ఇంత బాధగా ఆ మాట నేనెప్పుడూ అనలేదు.

పైపొరలు మూగవి, ఫోను వాడని ఏళ్ళవి. తర్వాత ఒక్కో పొరకూ ఒక్కో కాలం మాట్లాడసాగింది. ముసలాడు మూలన స్టూలు మీద కూర్చుని మా మొహాలు చూస్తూ ఉండేవాడు. స్పీకర్లోంచి సన్నగా, నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు గొంతులు.

"సార్, వరినారు ఎండిపోతా ఉంది. కరెంటు ఎప్పుడిస్తారు?"

"ఇస్తాం లేబ్బా."

"ఎప్పుడో చెప్తే చెయ్యి కాల్చుకునే పని తప్పుతది సార్. స్టార్టరు కాడే సంసారం పెట్టుండా."

మేడం ఆ మాటలను కాగితం మీద రాసి ముసలాడికి చూపిస్తే పొట్ట పట్టుకుని నవ్వాడు. "వీడు ఓబులయ్య! రోజుకు పదిసార్లు చేసేవాడు!" నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నవ్వు నిజమా కాదా అని నేను చూస్తున్నాను.

చీల్చిన పొరను కత్తి మీంచి మిషన్ అరలోకి పెట్టేలోపు ఊపిరి తగలకూడదు. ఒక్క ఊపిరి తగిలితే చాలు, తడికి ఇరుక్కున్న ఎలక్ట్రాన్లన్నీ జారిపోతాయి. ఆ పొర ఇక ఎప్పటికీ మాట్లాడదు. మూతికి గుడ్డ కట్టి చూశారు, తడి ఆగలేదు. చేతికి తొడుగులు, గాజుపెట్టెలు పెట్టి చూశారు, వేళ్ళకు అంచు తెలియలేదు. కాబట్టి అంతా నా ఊపిరి మీదే.

ఆ వారంలో రెండు పొరలు పోయాయి. ఒకసారి తుమ్మొచ్చింది. ఇంకోసారి కత్తి జారి నోరు తెరిచాను. రెండోసారి మేడం రిజిస్టరు తిరగేసింది.

"పోలయ్యగారూ, ఆరేళ్ళలో మీ చేతిలో నాలుగు పొరలు పోయాయి. ఈ వారంలోనే రెండు."

"ముసలి కెపాసిటరు మేడం."

"పోయిన రెండూ మీ అన్న పోయిన నెలవే." ఆవిడ కళ్ళద్దాలు తీసింది. "ఇంకా ఒక్క పొరే ఉంది, ఆ రోజుది. అది పోతే ఆయన ఇంటికి వెళ్ళిపోతాడు. మీరూ వెళ్ళిపోతారు. నేను మిమ్మల్ని ఏమీ అడగను. మా ఇంటి ఫోను విన్నాక, ఎవరినీ ఏమీ అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాను."

"మరెందుకు చెప్తున్నారు?"

"మీ చేతిలో కత్తి ఉంది కాబట్టి."

ఆ మధ్యాహ్నమే చివరి పొర పెట్టుకున్నాం. లిఫ్టు నడిపే మనిషి దిగుతూ చెప్పాడు, "పోలయ్యన్నా, మీ వదిన పైన గేటు కాడ కూర్చోనుంది, క్యారియరు పట్టుకోని. కిందికి రమ్మంటే రానంటది. నీ పని అయ్యేదాకా ఆడనే ఉంటదంట."

ఆవిడ ఎప్పుడూ గొయ్యి దగ్గరికి క్యారియరు తేలేదు. క్యారియరు పట్టుకుని నేనున్న చోటికి రావడం ఆ రోజు తర్వాత ఇదే.

బల్ల ముందు కూర్చున్నాను. అమ్మ కత్తి మొన అంచు మీద ఆనించాను. ముసలాడు స్టూలు జరుపుకుని నా పక్కకు వచ్చాడు. వాడి మోకాలు నా మోకాలికి తగిలింది. అంటు లేదు, తోపుడే అనుకున్నాను. అయినా వెచ్చగా ఉంది.

పొర విడిపోయింది. ఇంత శుభ్రంగా ఎప్పుడూ విడిపోలేదు. కత్తి చివర అది దీపం వెలుగులో కనపడీ కనపడకుండా వణుకుతోంది. దానికీ నా నోటికీ మధ్య జానెడు దూరం. లోపల ఊపిరి కొట్టుకుంటోంది. వదిలితే అయిపోతుంది. ముసలి కెపాసిటరు. ఎవరూ ఏమీ అడగరు. రేపు వదిన మళ్ళీ చేపల పులుసు పోస్తుంది, నేను మళ్ళీ ఆవిడ చేతులను అనుమానంగా చూస్తాను. ఇంకో ఇరవై నాలుగేళ్ళు.

చెవుల్లో నెత్తురు మోగుతుండగా పొరను అరలో పెట్టి మూత వేశాను. అప్పుడు వదిలాను ఊపిరి.

మొదట గరగర. తర్వాత మా అన్న. "సార్, నిమ్మతోటల లైనుకు ఎల్సీ కావాల." ముందు షిఫ్టాయన గొంతు: "ఇచ్చా. పదిహేడు రాసుకో." ఫోను పెట్టిన చప్పుడు. అన్న గొంతు విని ఇరవై నాలుగేళ్ళయింది. నేను బల్ల అంచు పట్టుకున్నాను. మేడం మిషన్ ఆపలేదు.

మళ్ళీ గరగర. ఫోను మోగిన చప్పుడు. ఎవరో ఎత్తారు.

"హలో, సబ్‌స్టేషను. ఎల్సీ ఇచ్చేశారా?" చెంచురామయ్య. కుర్రగా, హడావిడిగా.

"ఆ, ఎల్సీ ఇచ్చేశారు సార్. ఇందాకనే."

"సరే."

అంతే.

తిరిగి ఇచ్చేశారా అని ఆయన అడిగాడు. అన్నకు ఎల్సీ ఇచ్చారా అని నేను విన్నాను. ఇచ్చారు కదా, నా కళ్ళ ముందే, గోడ మీద నంబరు కూడా రాశాడు కదా. ఇచ్చేశారు సార్. ఆపరేటరు ఇచ్చినా ఇవ్వడమే, లైన్‌మన్ తిరిగి ఇచ్చినా ఇవ్వడమే. మాకు రెండింటికీ ఒకటే మాట. ఆ ఒక్క మాట మీద ఆయన స్విచ్చేశాడు. ఎవరు మాట్లాడుతున్నారని అడగకపోవడం ఆయన తప్పు. మా అన్నదమ్ముల గొంతులు ఒకటేనని అమ్మ కూడా అనేది, గదిలోంచి పిలిస్తే ఎవరో తెలిసి చావదని.

చెంచురామయ్యకు ఏమీ వినపడలేదు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "వచ్చిందా? ఏమన్నాడు? మస్తానయ్యేనా?" నా మణికట్టు పట్టుకున్నాడు. "చెప్పబ్బా. మస్తానయ్య గొంతేనా?"

మేడం కాగితం లాక్కుని పెన్ను మూత తీసింది. ఆవిడకు తెలిసిపోయింది. ఆరేళ్ళుగా రోజూ నా గొంతు వింటోంది.

"రాయొద్దు మేడం," అన్నాను.

ఎవరు తీసుకున్నారో వాళ్ళ నోటితోనే తిరిగి ఇవ్వాలి.

నేను వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, ఆ రోజు ఫోన్లో అన్నట్టే, అదే హుషారుతో అనడానికి ప్రయత్నించాను. హుషారు రాలేదు. గొంతు మాత్రం వచ్చింది. అరిచాను.

"ఆ, ఎల్సీ ఇచ్చేశారు సార్. ఇందాకనే."

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. తల ఊపాడు. "ఇదే," అన్నాడు. "ఇదే గొంతు. నేను చెప్పలా? ఇదే చెప్పినా వాళ్ళకు. మస్తానయ్యే..."

కళ్ళు తెరిచాడు. నా మొహం చూశాడు. నా మణికట్టు మీది చెయ్యి ఒక్కసారి బిగిసి, వదులై, మళ్ళీ అక్కడే ఉండిపోయింది.

"మస్తానయ్య కాదా?"

"కాదు సార్."

ఆ ఫోను తర్వాత ఆయన్ని నేను సార్ అనడం మళ్ళీ ఈ రోజే. మేడం స్పీకరు కట్టేసింది. ముసలాయన ఏమీ తిట్టలేదు. తిట్టి ఉంటే ఎదురు అనడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండేది. జేబులోంచి తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. విప్పేసిన ఫోను ముక్కలను ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకున్నాడు, డయలు, రిసీవరు, తీగచుట్ట. పగిలిన ఆరో అంకె మీద బొటనవేలితో రుద్దాడు.

"మా ఆవిడ చివరిదాకా అడిగింది," అన్నాడు. "నువ్వు నిజంగా ఫోన్ చేసినావా అని. ఆమెకూ అనుమానమే."

ఇద్దరం లిఫ్టు ఎక్కాం. ఆయన నన్ను పట్టుకునే నిలబడ్డాడు, ఆసరా కోసమో, పారిపోతానని అనుమానమో. పారిపోతానని నాకూ అనుమానంగానే ఉంది. పైన చదరంగా వెలుగు కనపడింది. ఆ వెలుగులో ఎవరో వంగి కిందికి చూస్తున్నారు, చేతిలో క్యారియరు.

"మీ వదినకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు ముసలాయన గట్టిగా. ఆ గోతిలో అంత గట్టిగా మాట్లాడితే పైకి వినపడుతుంది.

"నేనే చెప్తా సార్," అన్నాను, నేనూ అంతే గట్టిగా.